డబ్బా తిప్పి చూడండి



ఈ రోజు మనం ముఖానికి, జుట్టుకి, నుదుటికి, పెదాలకి వాడుకునే వస్తువుల గురించి మాట్లాడుకుందాం. అద్దం ముందు పెట్టుకునే వాటికి ప్రసంగం దేనికని అనుకోవద్దు. పొద్దున లేచింది మొదలు సబ్బు, షాంపూ, పౌడరు, కాటుక, బొట్టు, క్రీము అంటూ ఎన్నో మన ఒంటి మీదికి చేరుతున్నాయి. ఆడవాళ్ళకే కాదు, కాలేజీకి వెళ్ళే మగపిల్లలకీ, నెలలు నిండని పసిబిడ్డలకీ ఇవి తప్పడం లేదు. బజారులో వంకాయ కొనేటప్పుడు అటూ ఇటూ తిప్పి పుచ్చు చూసే మనం, వీటిని మాత్రం పైనున్న బొమ్మ చూసి కొనేస్తున్నాం.

ఆ బొమ్మ ఈ మధ్య మారింది. ఒకప్పుడు సినిమా తార ముఖం ఉండేది. ఇప్పుడు వేపరెమ్మ, కలబంద మట్ట, పసుపు కొమ్ము ఉంటున్నాయి. పక్కన గంతేస్తున్న కుందేలు ఉంటోంది. నేచురల్, హెర్బల్, ఆర్గానిక్, క్రూయెల్టీ ఫ్రీ అన్న మాటలు ఉంటున్నాయి. జనం మంచి వస్తువు కోరుకుంటున్నారని కంపెనీలకి తెలిసింది కాబట్టే ఇవన్నీ వచ్చాయి. ఆ కోరిక మంచిదే. కానీ అందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఇది నా ఒంటికి పడుతుందా అన్నది ఒకటి. దీన్ని తయారు చెయ్యడంలో ఎవరికైనా, దేనికైనా హాని జరిగిందా అన్నది రెండోది. పచ్చటి ఆకు బొమ్మ ఈ రెంటికీ ఒకేసారి జవాబు చెప్పినట్టు కనిపిస్తుంది. రెంటినీ విడివిడిగా అడగాలని చెప్పడానికే నేను ఇవాళ మీ ముందుకొచ్చాను. ప్రకృతిలోంచి వచ్చిన వస్తువు వెనక మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ప్రయోగశాలలో పుట్టిన వస్తువు వల్ల ఒక జంతువు బతికిపోయిన సందర్భాలూ ఉన్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఒంటి సంగతి. నేను కాలేజీలో ఆడపిల్లలకి రసాయన శాస్త్రం చెబుతాను. 'కెమికల్స్ లేని క్రీము ఏదైనా చెప్పండి మేడమ్' అని పిల్లలు అడుగుతుంటారు. నీళ్ళూ రసాయనమేనమ్మా, పసుపులోని కర్కుమినూ రసాయనమే అంటాను. మన అడవుల్లో నల్లజీడి చెట్టుంది. దాని గింజ రసంతోనే పూర్వం రజకులు బట్టలకి గుర్తులు పెట్టేవారు. ఆ రసం చర్మానికి తగిలితే పొక్కులు లేచి పుండు పడుతుంది. అచ్చంగా ప్రకృతి ఇచ్చిందే అది. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్ళినా ప్రమాదమే. నిమ్మజాతి పండ్లలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. ఎండ తగిలితే అవి చర్మాన్ని కాలుస్తాయి. ఆ తర్వాత పడే నల్లమచ్చ పోవడానికి నెలలు పడుతుంది. తెల్లబడదామని రాసుకున్న రసమే మచ్చ తెచ్చి పెడుతుందన్నమాట.

కాబట్టి ముందు వైపు వదిలేసి డబ్బా తిప్పండి. మన దేశంలో సౌందర్య సాధనాలన్నీ 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కిందికి వస్తాయి. 2020లో వీటికి విడిగా ఒక నియమావళి వచ్చింది. తయారు చేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ ఉండాలి. విదేశాల నుంచి వచ్చిందైతే దిగుమతి చేసుకున్నవారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లోపల ఏమేం కలిపారో జాబితా ఉండాలి. ఆ జాబితాకీ ఒక వరస ఉంది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాసుకోవచ్చు.

ఈ వరస తెలిస్తే చాలు, ఎన్నో సంగతులు బయటపడతాయి. మా క్లాసులో పిల్లల చేత ఇళ్ళలోంచి డబ్బాలు, ట్యూబులు తెప్పించి చదివిస్తుంటాను. ఒక కలబంద జెల్ ట్యూబు సంగతి చెబుతాను. ముందు వైపు పైనుంచి కింది దాకా మంచు తడి ఆరని కలబంద మట్ట. వెనక జాబితాలో మొదటి పేరు ఆక్వా. అంటే నీళ్ళు. తర్వాత గ్లిజరిన్. తర్వాత ఆ నీళ్ళని చిక్కగా జెల్‌లా చేసే కార్బోమర్. తర్వాత నిల్వ ఉండటానికి ఫినాక్సీ ఇథనాల్. తర్వాత పర్ఫ్యూమ్. ఆ తర్వాత కలబంద, దాని శాస్త్రీయ నామంతో. ఆఖరున పచ్చరంగు. ఫినాక్సీ ఇథనాల్‌ని సాధారణంగా ఒక శాతానికి మించి వాడరు. దాని వెనక ఉన్నదంటే కలబంద ఆ మేరకు కూడా లేదనే అనుకోవాలి. ఆ పచ్చదనం రంగు డబ్బాలోంచి వచ్చింది. ఆ జెల్ ఒంటికి చెడు చేస్తుందని నేననడం లేదు. మనం డబ్బిచ్చింది కలబందకి, తెచ్చుకున్నది నీళ్ళూ గ్లిజరినూ అంటున్నాను.

'కుంకుడు షాంపూ' సీసాలదీ చాలావరకు ఇదే కథ. జాబితాలో రెండో పేరు సోడియం లారెత్ సల్ఫేట్ అని ఉంటే, తల రుద్దేదీ నురగ తెచ్చేదీ అదే. కుంకుడు పేరు చివర్లో ఎక్కడో దొరుకుతుంది. ఇలాంటి మాటల్ని అదుపు చెయ్యాలనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. నేచురల్, ఆర్గానిక్, క్రూయెల్టీ ఫ్రీ లాంటి మాటలు వాడితే దానికి తగిన ఆధారం చూపాలి, వివరణ ఇవ్వాలి. ఊరికే ఆ మాట అచ్చువేసి వదిలెయ్యడానికి వీల్లేదు. మంచి పనే చేశారు. దుకాణాల అరల్లో దాని ఫలితం కనిపించాలంటే మనం అడగాలి.

ఇక్కడ ఒక మాట. 'ప్రిజర్వేటివ్స్ లేవు' అని గొప్పగా రాసినదాన్ని చూసి మురిసిపోకండి. నీళ్ళున్న చోట బూజు, బ్యాక్టీరియా చేరతాయి. ఇంట్లో నూరుకున్న ముద్ద ఆ పూటకే వాడుకుని మిగిలింది పారేస్తాం. నెలల తరబడి దుకాణంలో ఉండి, తర్వాత మన స్నానాల గదిలో తడి చేతులు పడే క్రీములో నిల్వ పదార్థం లేకపోవడమే ప్రమాదం. పరిమితిలో వాడిన ప్రిజర్వేటివ్ కన్నా, కంటికి కనిపించని బూజు చర్మానికి ఎక్కువ చేటు. పర్ఫ్యూమ్ అన్న మాట దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. ఆ ఒక్క మాట చాటున పదుల కొద్దీ పదార్థాలుండవచ్చు. దురదలు, దద్దుర్లు వచ్చేవారికి, పసిపిల్లలకి వాసన లేనిదే మేలు.

సబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను. రేపరు మీద టి.ఎఫ్.ఎం. ఎంతో చూడండి. సబ్బులో అసలు కొవ్వు పదార్థం ఎంతో అది చెబుతుంది. 76 శాతం, ఆ పైన ఉంటే మొదటి గ్రేడు. జాబితాలో సోడియం పామేట్ అని ఉంటే పామాయిల్‌తో చేసింది, సోడియం టాలోయేట్ అని ఉంటే జంతువుల కొవ్వుతో చేసింది. శాకాహారం పట్టింపు ఉన్నవారు ఆ రెండో మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు గోరింటాకు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సహజమన్న పేరుతో మన ఇళ్ళలోకి వచ్చే అతి పెద్ద మోసం ఇక్కడే ఉంది. గోరింటాకులో లాసోన్ అనే పదార్థముంది. అదే మన అరచేతుల్ని ఎర్రగా పండిస్తుంది. తెల్లజుట్టుకి పెడితే నారింజ రంగో, ఎరుపో, ముదురు గోధుమ రంగో వస్తుంది. నలుపు మాత్రం గోరింటాకు ఒక్కదానితో రాదు. పైన నీలి ఆకు పొడి కూడా పెడితే వస్తుంది. అదీ రెండు విడతలుగా, గంటల తరబడి ఓపికపట్టి కూర్చుంటే. అరగంటలో జుట్టు నల్లగా నిగనిగలాడుతుందని రాసిన 'హెర్బల్ బ్లాక్ మెహందీ' ప్యాకెట్ చూస్తే ఆ నలుపు ఎక్కడిదని అడగండి. చాలావాటిలో అది పారాఫినైలిన్ డయామిన్ నుంచి వస్తుంది. పి.పి.డి. అంటారు. మామూలు హెయిర్ డైలలో ఉండేదీ అదే.

పి.పి.డి. చాలామందికి పడుతుంది. పడనివారికి మాత్రం నుదురు, కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోతాయి, తల మీద నీరు కారే పుండ్లు పడతాయి. మొదటిసారి ఏమీ కాకపోయినా నాలుగోసారో పదోసారో పడకపోవచ్చు. ఒకసారి పడకపోవడం మొదలైతే అది జీవితాంతం ఉంటుంది. అందుకే ఇలాంటి రంగుల మీద హెచ్చరిక ఉండాలని నియమం. చర్మం మీద ముందు పరీక్షించి చూడాలని, కనుబొమలకీ కనురెప్పలకీ వాడితే చూపు పోవచ్చని ఇంగ్లీషులోనూ, స్థానిక భాషల్లోనూ అచ్చువెయ్యాలి. ఆ హెచ్చరిక కనిపించిందంటే అది వట్టి ఆకుల పొడి కాదని అర్థం. చెవి వెనక చిటికెడు రాసి 48 గంటలు ఆగి చూడండి. ఇక జాతరల్లో, ఎగ్జిబిషన్లలో పిల్లల చేతుల మీద నల్ల మెహందీతో బొమ్మలు వేస్తుంటారు. ఆ నలుపు కూడా ఆకుది కాదు. నేరుగా చర్మానికి పెట్టే ఆ ముద్దలో పి.పి.డి. జుట్టు రంగులో కన్నా ఎక్కువే ఉండవచ్చు. దయచేసి పిల్లలకి పెట్టించకండి.

బొట్టు బిళ్ళ గురించి ఒక ముక్క. నుదుటి మీద సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట తెల్లటి మచ్చ పడ్డ ఆడవాళ్ళని మీరు చూసే ఉంటారు. కొన్ని బిళ్ళల వెనక జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి రంగునిచ్చే కణాల్ని చంపేస్తుంది. మొదట దురద, తర్వాత తెలుపు. చాలామంది దాన్ని బొల్లి అనుకుని, ఎవరికీ చెప్పుకోలేక, ఆ మచ్చ కనపడకుండా ఇంకాస్త పెద్ద బిళ్ళ పెట్టుకుంటారు. దాంతో మచ్చ ఇంకా పెరుగుతుంది. ఎంత బాధ! దురద మొదలైన రోజే బిళ్ళ మానేసి చర్మవైద్యులకి చూపిస్తే చాలావరకు ఆపవచ్చు. రాత్రి పడుకునేటప్పుడు బిళ్ళ తీసి అద్దానికి అంటించే అలవాటు మన ఇళ్ళలో ఉండనే ఉంది, మంచి అలవాటు. కుంకుమ పెట్టుకునేవారు పసుపుతో చేసిన కుంకుమ వెతుక్కోండి. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడటం బట్టలుతికే ప్రతివారికీ తెలుసు. కర్కుమిన్ గుణం అది. పసుపు కొమ్ముల్ని నిమ్మరసం, వెలిగారం, పటికలతో నానబెట్టి నీడన ఆరబెట్టి దంచితే వచ్చే ఎరుపూ ఆ కర్కుమిన్‌దే. అది ముదురుగా, కాస్త మట్టి ఛాయతో ఉంటుంది. కళ్ళు జిగేల్మనేంత ఎర్రగా ఉండి, కడిగినా నుదుటికి గులాబీ రంగు అంటుకుపోయిందంటే అందులో కృత్రిమ రంగు కలిసిందని అనుమానించాలి.

తెల్లబరిచే క్రీముల గురించి చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు. నలుపు నారాయణ మెచ్చు అని సామెత చెప్పుకుంటాం, పెళ్ళిచూపుల్లో మాత్రం పిల్ల రంగు చూస్తాం. పన్నెండేళ్ళ పిల్లకి నీ రంగు తక్కువ అని చెప్పి ఆమె బెంగని సొమ్ము చేసుకునే వస్తువు, అందులో ఎన్ని పూల రసాలు పోసినా, నా దృష్టిలో నీతిగల వస్తువు కాదు. ఒక పెద్ద కంపెనీ 2020లో తన క్రీము పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసింది. పేరు మారింది, బెంగ మారలేదు.

ఒంటికి జరిగే హాని కూడా చిన్నది కాదు. పాదరసం చర్మంలో మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, అందుకే దొంగచాటుగా కలుపుతారు. మన నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం కలపకూడదు. తెలియకుండా చేరినా పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు తమ దగ్గరికి వచ్చిన 22 మంది మెంబ్రేనస్ నెఫ్రోపతీ రోగుల్ని పరిశీలించారు. మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు అది. 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. ముఖానికి రాసింది కిడ్నీ దాకా వెళ్ళింది. డబ్బా మీద దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లేని విదేశీ క్రీముని ఎంత దగ్గరివారు తెచ్చిచ్చినా వాడకండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేర్లు కనిపిస్తే అవి స్టెరాయిడ్లు. ఇలాంటి పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ఉత్తర్వు వచ్చింది. అయినా పక్కింటివాళ్ళు చెప్పారని కొని నెలల తరబడి రాసుకుంటున్నారు. మొదటి వారం ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలుతాయి, మొటిమలు లేస్తాయి, ఎండలోకి వెళితే మంట. ఇప్పటికే వాడుతున్నవారు సిగ్గుపడకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. తప్పు మీది కాదు.

ఇక రెండో ప్రశ్నకొస్తాను. ఎవరికి హాని జరిగిందన్న ప్రశ్న.

ఫేస్ ప్యాక్ పొడుల మీద ఎర్రచందనం అన్న మాట చూసే ఉంటారు, రక్తచందనమని కూడా రాస్తారు. సానమీద అరగదీసి ముఖానికి రాసుకోవడం మనకి పాత అలవాటే. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల ఎర్రటి రాతి నేలల్లో, తక్కువ వానలో మెల్లగా ఎదుగుతుంది. లోపలి చేవ ఎర్రబడటానికి దశాబ్దాలు పడుతుంది. నరకడానికి రాత్రి ఒక్కటి చాలు. అంతర్జాతీయంగా అంతరించే ప్రమాదమున్న చెట్ల జాబితాలో ఇది ఉంది. దీని కోసం అడవుల్లో జరిగే దొంగనరుకుడు సంగతి మనందరికీ తెలుసు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు కొండ ప్రాంతాల నుంచి కూలికి వచ్చిన పేదలు వాళ్ళు. ఈ వ్యాపారంలో లాభాలు గడించినవారెవరూ ఆ రోజు ఆ అడవిలో లేరు. అటవీ సిబ్బంది కూడా ఈ దొంగల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఎర్రచందనం దుంగల్లో అధికభాగం విదేశాలకి పోతుంది, ముఖానికి రాసుకునే పొడికి పోయేది కొంచెమే. నిజమే. రైతులు పొలాల్లో పెంచిన చెట్లూ ఉన్నాయి, ప్రభుత్వం పట్టుకున్న దుంగల్ని వేలం కూడా వేస్తుంది. అంటే న్యాయమైన ఎర్రచందనం దొరకదని కాదు. ఆ ప్యాకెట్ మీద అది ఎక్కడిదో ఒక్క ముక్కయినా రాసి ఉందా అన్నది నా ప్రశ్న. నేను చూసిన ప్యాకెట్ల మీద లేదు. పొడి చేశాక ఆ ఎరుపు ఏ చెట్టుదో కంటితో చెప్పలేం. ఎక్కడిదో చెప్పలేని ఎర్రచందనం కొనకపోవడమే నా పద్ధతి. శనగపిండి, పెసరపిండి, కస్తూరి పసుపు ఉన్న ఇంట్లో దాని లోటేమీ తెలియదు.

కస్తూరి అన్నాను కాబట్టి చెబుతున్నాను. అసలు కస్తూరి హిమాలయాల్లో మగ కస్తూరి మృగం పొట్ట కింద ఉండే సంచిలోంచి వచ్చేది. దానికోసం మృగాన్ని చంపేసేవారు. ఇవాళ అత్తర్లలో, సబ్బుల్లో వచ్చే కస్తూరి వాసన దాదాపుగా ప్రయోగశాలలో చేసిందే. ప్రయోగశాలలో పుట్టిన వస్తువు వల్ల జంతువు బతికిపోయిందని మొదట్లో అన్నాను, దానికి ఉదాహరణ ఇదే. ఇక్కడ కృత్రిమమైనదే ధర్మమైనది.

అభ్రకానిదీ అదే దారి. మనం కాకిబంగారం అంటాం. పెదాల రంగులో, కనురెప్పల రంగులో, గోళ్ళ రంగులో ఆ తళుకు దానిదే. జాబితాలో మైకా అని గానీ, సి.ఐ. 77019 అన్న సంఖ్య గానీ ఉంటుంది. ఒకప్పుడు మన గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకం గనులు ప్రపంచానికి తెలుసు. ఇప్పుడు ఎక్కువ మాట్లాడుకునేది జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ జిల్లాల గురించి, పక్కనున్న బీహార్ ప్రాంతం గురించి. 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత అక్కడ చాలా గనులు అధికారికంగా మూతపడ్డాయి. ఊళ్ళ జనానికి వేరే బతుకుతెరువు లేదు. పాత గనుల గుట్టల్లో ఎలుక బొరియల్లాంటి కంతలు తవ్వి, తుక్కు అభ్రకం ఏరి, బుట్టల్లో మోసి అమ్ముకుంటారు. దూరగలిగేది చిన్న పిల్లలే కాబట్టి పిల్లలే దూరుతారు. మట్టి కూలి పిల్లలు చనిపోయిన సంగతి 2016లో రాయిటర్స్ పరిశోధనతో ప్రపంచానికి తెలిసింది. తర్వాతి సంవత్సరం సౌందర్య సాధనాల కంపెనీలు, రంగుల కంపెనీలు కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్ అనే సంస్థ పెట్టుకున్నాయి.

తళుకు వస్తువు కొనకతప్పదనుకుంటే జాబితాలో సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అన్న పేరు వెతకండి. ప్రయోగశాలలో చేసిన అభ్రకం అది, ఏ పిల్లవాడూ బొరియలో దూరక్కరలేదు. మైకా అని ఉంటే కంపెనీకి ఉత్తరం రాయండి, ఈమెయిల్ పెట్టండి. మీ అభ్రకం ఏ గనిదో చెప్పమని అడగండి. పెద్ద కంపెనీలు ఇలాంటి ఉత్తరాలకి భయపడతాయి.

కుందేలు బొమ్మ సంగతి చాలామంది అడుగుతారు. 1944లో అమెరికా ఆహార, ఔషధ సంస్థలో జాన్ డ్రేజ్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష రూపొందించాడు. కుందేలు మెడ కదలకుండా బిగించి, కంట్లో పరీక్షించాల్సిన పదార్థం వేసి, కన్ను ఎంత ఎర్రబడిందో, ఎంత పుండు పడిందో రోజుల తరబడి చూసి లెక్క రాసుకోవడం. షాంపూల కోసం, కాటుకల కోసం దశాబ్దాల పాటు ఇది జరిగింది. 1980లో హెన్రీ స్పైరా అనే ఉద్యమకారుడు న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ నిండా ప్రకటన వేయించి దీన్ని నిలదీశాడు. యూరోపియన్ యూనియన్ 2013లో జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్నే పూర్తిగా నిషేధించింది. మన దేశం 2014లో సౌందర్య సాధనాల్ని జంతువుల మీద పరీక్షించడాన్ని, అదే ఏడాది అలా పరీక్షించిన వాటి దిగుమతిని నిషేధించింది. మనం గర్వపడాల్సిన విషయం. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మకణాల మీద పరీక్షలు చేస్తున్నారు. జంతువుల బదులు ఇలాంటి పద్ధతులు పెంపొందించడానికి హైదరాబాదులో సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థకి అనుబంధంగా ఉన్న అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో ఒక కేంద్రం కూడా ఉంది. అంటే ఇక్కడ తయారైన వస్తువు మీద కుందేలు బొమ్మ, చట్టం ఎలాగూ చెయ్యమన్నదాన్నే చెబుతోంది. దానికోసం ఎక్కువ ధర పెట్టక్కరలేదు. ముడి పదార్థాలు సరఫరా చేసేవారిని కూడా తనిఖీ చేసే లీపింగ్ బన్నీ లాంటి ముద్ర ఉంటే దానికి విలువుంది.

రెండు ప్రశ్నలకీ చక్కగా జవాబు చెప్పగల వస్తువు ఒకటి మన దగ్గర ఉంది. కుంకుడుకాయ. అందులో సపోనిన్లు ఉంటాయి, నురగ వాటిదే. బోరు నీళ్ళలో సబ్బు తెట్టె కట్టి జుట్టు పీచుగా అయిపోతుంది. కుంకుడు రసం ఉప్పునీళ్ళలోనూ తెట్టె కట్టదు. పట్టుచీరలకీ, బంగారు నగలకీ మన వాళ్ళు దాన్నే వాడింది అందుకే. గింజ తీసిన కాయలు గుప్పెడు రాత్రి వేడినీళ్ళలో వేసి, పొద్దున పిసికి పలచటి గుడ్డలో వడకట్టుకుంటే చాలు. కళ్ళు మండుతాయి, కాబట్టి పిల్లలకి పోసేటప్పుడు తల వెనక్కి వంచాలి. జుట్టు పొడిబారేవాళ్ళు ముందు నూనె పెట్టుకోవాలి, మందారాకు కలుపుకోవాలి.

కుంకుడుకాయ ఎవరి చేతుల మీదుగా వస్తుందో కూడా తెలుసుకోవచ్చు. పాడేరు, చింతపల్లి, అరకు వైపు గిరిజన కుటుంబాలు కాయలు ఏరి, ఎండబెట్టి, రాయి మీద కొట్టి గింజ తీసి సంతకి తెస్తాయి. గింజతో ఉన్న కాయకి ఒక ధర, గింజ తీసినదానికి ఒక ధర. దొంగ తూకాలతో, అప్పుల వలలతో దళారులు వీళ్ళని దోచుకోకుండా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. జి.సి.సి. అంటాం. కుంకుడు, శీకాయ, తేనె, అడ్డాకు లాంటివి ఆ సంస్థ కొని తన దుకాణాల్లో అమ్ముతుంది. తెలంగాణలోనూ జి.సి.సి. ఉంది. కాయ ఏరితే చెట్టుకేమీ కాదు. శీకాయ తీగని నరికి కాయ కోస్తే మాత్రం మరుసటి ఏడు కాయ ఉండదు, అందుకే కోసేవారికి మంచి ధర అందడం ముఖ్యం. మంచి ధర అందినవారు తొందరపడి తీగ నరకరు. జి.సి.సి. దుకాణం మీ ఊళ్ళో ఉంటే అక్కడ కొనండి, లేకపోతే మీ వీధి దుకాణం వాళ్ళని తెప్పించమనండి. పొడి కన్నా కాయే కొనండి, కాయలో ఏమీ కలపలేరు.

చివరిగా, ఏదైనా వస్తువు వికటిస్తే ఏం చెయ్యాలో చెబుతాను. కోపంతో డబ్బా పారెయ్యకండి. డబ్బా, అట్టపెట్టె, బిల్లు దాచండి, బ్యాచి నంబరు కనిపించేలా ఫోటో తియ్యండి. ముఖం మీద వచ్చినదాన్నీ అదే రోజు ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టరు చీటీ మీద ఆ వస్తువు పేరు రాయించుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. కల్తీ సరుకనీ, లైసెన్సు లేని సరుకనీ అనుమానం ఉంటే మీ జిల్లాలోని ఔషధ నియంత్రణ శాఖ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నమూనాలు తీసి ప్రయోగశాలకి పంపే అధికారం వారికి ఉంది. ఫిర్యాదులో దుకాణం పేరు, కొన్న తేదీ, బ్యాచి నంబరు తప్పకుండా రాయండి. అదే బ్యాచి సరుకు ఇంకా ఎందరి ఇళ్ళలో ఉందో వారు వెతికి పట్టుకోగలిగేది ఆ నంబరుతోనే.